పొద్దున్న పలచగా, సాయంత్రానికి డప్పులా: ఈ పొట్ట ఉబ్బరానికి అన్నం మానాలా?

పర్లాకిమిడి_పద్మ
నిద్ర లేచేసరికి పొట్ట మామూలుగానే ఉంటాది. మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకి మొదలై, సాయంత్రం 5 కల్లా లంగా బొందు వదులు చేసుకోవాల్సి వస్తాది. ఏడాదిగా ఇదే గోల. వయసు 38. స్కానింగులో ఏమీ లేదన్నారు. షుగరు, థైరాయిడ్ బాగున్నాయి. రక్తం తక్కువని ఐరన్ బిళ్ల ఇచ్చారు. రోజూ పరగడుపున ప్యాంటోప్రజోల్-డోంపెరిడోన్ గొట్టం బిళ్ల, 8 నెలలైంది. సాయంత్రం సోడా పొట్లం. విరేచనం రెండు మూడు రోజులకోసారి, అదీ గట్టిగా.
తిండి: పొద్దున్న ఉప్మా గానీ బరా-ఘుగుని (గారెలు, బఠానీ కూర) గానీ, మధ్యాహ్నం అన్నం, కందిపప్పు, కూర, ఎండాకాలమైతే పఖాళ (నీళ్లలో నానిన చద్దన్నం) పచ్చి ఉల్లిపాయతో, సాయంత్రం మూఢీ (మరమరాల) మిక్చర్, రాత్రి చపాతీ. పాలు రెండు నెలలు మానేసి చూశాను, ఏ తేడా లేదు. విచిత్రం ఏటంటే కార్తీకమాసం అంతా హాయిగా ఉంది. అత్తగారు అన్నం మానేసి మూడు పూటలా రొట్టె తినమంటున్నారు. పక్కింటి ఒడియా మావుసి పఖాళ మానమంటోంది. ఎవరి మాట వినాలి?

గుణుపూర్_గుండన్న
ఇద్దరి మాటా వింటే ఇంక తినడానికి ఐరన్ బిళ్లే మిగులుతాది.

ఇచ్ఛాపురం_ఇటువైపు
వాము, నల్ల ఉప్పు, వేడి నీళ్లు. అయిపోయింది.

మందులషాపు_మావయ్య
వాము తర్వాత చూద్దాం. ముందు ఆ బిళ్లల సంగతి.
మన వైపు "గ్యాస్ బిళ్ల" అని అడిగి తీసుకెళ్లేది గ్యాస్ మందు కాదు, మీ ప్యాంటోప్రజోల్ లాంటిది, కడుపులో ఆమ్లం తగ్గించే మందు. ఛాతీ మంటకి, పుండుకి పనిచేస్తుంది. పేగుల్లో పుట్టే గాలికి దానితో సంబంధం లేదు. పైగా ఆమ్లం నెలల తరబడి తగ్గితే చిన్నపేగులో సూక్ష్మజీవులు పెరగడానికి దారి దొరుకుతుంది, దాంతో ఉబ్బరం ఇంకా ఎక్కువ కావచ్చు. బీ12 కూడా తగ్గొచ్చు.
ఇంకో తిరకాసు. ఐరన్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి. మీరు పొద్దున్నే ఆమ్లం ఆపేసి, ఆనక ఐరన్ వేస్తున్నారు. పట్టని ఐరన్ పేగులోనే ఉండిపోయి మలాన్ని గట్టిపరుస్తుంది. మలం కదలకపోతే గాలికి దారి లేదు. ఒక బిళ్ల ఇంకో బిళ్ల కాళ్లకి అడ్డం పడుతోంది.
ఆ బిళ్లలో రెండోదైన డోంపెరిడోన్, అంటే వికారం మందు, నెలల తరబడి వాడే సరుకు కాదు, గుండె లయ మీద దాని ప్రభావం ఉంటుంది. అలాగని రేపే అన్నీ ఆపేయకండి. ప్యాంటోప్రజోల్ ఒక్కసారి ఆపితే ఆమ్లం ఎదురుతిరిగి రెండు వారాలు మంట పుట్టొచ్చు. "అమ్మో, బిళ్ల లేకపోతే బతకలేను" అని జనం మళ్లీ మొదలెట్టేది అక్కడే. రాసిన డాక్టరుకి చెప్పి రోజు మార్చి రోజు, తర్వాత మూడు రోజులకోసారి చేసుకుంటూ మూడు నాలుగు వారాల్లో దిగండి.
సోడా పొట్లం ఇంకా తమాషా. సోడాకీ ఆమ్లానికీ కలిస్తే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. "బ్రేవ్ మని తేన్పు వచ్చింది, తేలికైంది" అంటారే, ఆ తేన్పు పొట్లంలోంచి వచ్చిందే. బీపీ ఉన్నవాళ్లకి అందులో సోడియం కూడా చేటు.

రాయగడ_రైలుబండి
మా నాన్నగారు షుగరు బిళ్లలు వాడతారు, ఆయనకీ ఇదే ఉబ్బరం. దానికీ దీనికీ ఏమైనా?

మందులషాపు_మావయ్య
బిళ్ల మీద వోగ్లిబోస్ అనో అకార్బోస్ అనో ఉందేమో చూడండి. అవి పిండిపదార్థాన్ని చిన్నపేగులో అరగనివ్వకుండా ఆపుతాయి. అరగనిది పెద్దపేగులోకి దిగి పులుస్తుంది. గాలి రావడం ఆ మందు గుణం. మెట్‌ఫార్మిన్ అయితే భోజనం మధ్యలో వేసుకోవడం, నెమ్మదిగా కరిగే రకానికి మారడం. రెండింటికీ డాక్టరుని అడగాలి, సొంతంగా ఆపకూడదు.

నర్సు_చిన్నమ్మి
పద్మగారూ, తిండి మార్చకముందు ఒక మాట. రక్తం ఎందుకు తక్కువో ఎవరైనా తేల్చారా? నెలసరి ఎక్కువగా అవుతుందా? ఉబ్బరం, రక్తం తక్కువ, రోజూ గోధుమ, ఈ మూడూ ఒకచోట కనిపిస్తే సీలియాక్ జబ్బు (గోధుమ పడక పేగు దెబ్బతినేది) లేదని తేల్చుకోవాలి. టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష. గోధుమ తింటూ ఉండగానే చేయించాలి. రొట్టె మానేసి నెల తర్వాత వెళ్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు. కాబట్టి చపాతీ ఇప్పుడే ఆపొద్దు, ముందు రక్తం ఇచ్చి రండి.
చదివే మిగతావాళ్లకి: బరువు తగ్గిపోవడం, మలంలో రక్తం, నల్లటి మలం, రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి లేదా విరేచనం, సాయంత్రం జ్వరం, ఆగని వాంతులు, మింగలేకపోవడం, పొద్దున్న కూడా దిగని పొట్ట. వీటిలో ఏ ఒక్కటున్నా వాము, ఇంగువ పక్కన పెట్టి ఆస్పత్రికి. సాయంత్రం జ్వరంతో బరువు తగ్గితే పేగు క్షయ చూడాలి. 50 దాటిన ఆడవాళ్లకి కొత్తగా ఉబ్బరం మొదలై వారాల తరబడి పోకపోతే అండాశయాల స్కానింగు తప్పదు. ఛాతీ బరువు, చెమట, ఎడమ చెయ్యి లాగడం "గ్యాసే" అని సోడా తాగి పడుకోకండి. ముందు ఈసీజీ.

పర్లాకిమిడి_పద్మ
నెలసరి ఎక్కువే అవుతుంది. హిమోగ్లోబిన్ 9.6. ఆ గోధుమ పరీక్ష ఎవరూ చెప్పలేదు. రాయించుకుంటాను.

డైట్_డైరీ_బరంపురం
మీ ప్రశ్నలో జవాబు సగం మీరే రాసేశారు: కార్తీకం. ఆ నెల మీ ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి ఉండవు కదా?
ఈ రెండింటిలో, గోధుమలో ఫ్రక్టాన్లు అనే చక్కెర గొలుసులు ఉంటాయి. పప్పుల్లో ఇంకో రకం చక్కెరలు, రాఫినోజ్, స్టాకియోజ్. వీటిని విడగొట్టే ఎంజైమ్ మనిషి పేగులో లేదు, ఎవరికీ లేదు. అవి నేరుగా పెద్దపేగుకి పోయి అక్కడి సూక్ష్మజీవులకి విందవుతాయి, హైడ్రోజన్ పుట్టి పేగుని సాగదీస్తుంది. ఆ సాగుడు కొందరికి తెలియదు, పేగు సున్నితంగా ఉన్నవాళ్లకి నొప్పిగా, బిగువుగా తెలుస్తుంది. ఇలాంటివన్నీ కలిపి ఫాడ్‌మ్యాప్‌లు అంటారు. మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు 2005 నుంచి దీనిమీద పనిచేస్తున్నారు.
అన్నం నిర్దోషి. ధాన్యాలన్నిటిలో తక్కువ గాలి పుట్టించేది బియ్యమే. అత్తగారి మాట విని మూడు పూటలా రొట్టె తింటే ఫ్రక్టాన్లు మూడింతలు పెట్టుకున్నట్టు.
ఒక కిటుకు: తిన్నది పెద్దపేగుకి చేరడానికి గంటలు పడుతుంది. సాయంత్రం 5కి ఉబ్బితే 4కి తిన్న మూఢీని తిట్టకండి. మధ్యాహ్నం పప్పునీ, పొద్దున్న ఘుగునినీ అడగండి.

కొరాపుట్_కాఫీ
కార్తీకాన్ని ఒక్క ఉల్లి ఖాతాలో వేసేయడం తొందరపాటు. ఆ నెల చాలా ఇళ్లలో ఒంటిపూట భోజనం. కందిపప్పు బదులు పెసరపప్పు. ఘుగుని లేదు, మిక్చర్ లేదు. రాత్రి చపాతీ ఉందో లేదో. ఇన్ని మారితే ముద్దాయి ఎవరని చెప్తారు?

డైట్_డైరీ_బరంపురం
ఒప్పుకుంటా. అందుకే నెలన్నర మానడంతో ఆగకూడదు, ఒక్కొక్కటీ తిరిగి పెట్టి చూడాలి. దాని పద్ధతి కింద రాస్తాను.

గుణుపూర్_గుండన్న
ఆగండాగండి. పఖాళలో ఉల్లిపాయ లేకుండానా? మామిడి టెంక లేని ఆవకాయ పెట్టమన్నట్టుంది.

వంటింటి_వరాలమ్మ
ఉల్లి లేని పఖాళ తినొచ్చు గుండన్నా. వేయించిన బొడి (వడియాలు), కాల్చిన వంకాయ, పచ్చిమిరప, నిమ్మాకు నలిపి వెయ్యి. రాత్రి నానిన చద్దన్నంలో పిండి కొంత గట్టిపడి అరగడం తగ్గుతుంది, అందుకని మొదట చిన్న గిన్నెడే తినాలి. బాగా పులిసి పుల్లటి వాసన కొట్టింది వద్దు.
వెల్లుల్లి రుచి కావాలంటే మార్గముంది. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. రెండు పెద్ద చెంచాల నూనె సన్న సెగన వేడిచేసి, నాలుగు రెబ్బలు నలపకుండా వేసి, ఎర్రబడ్డాక చిల్లుల గరిటెతో తీసి అవతల పారెయ్యాలి. ఆ నూనెతో పోపు పెట్టాలి. అప్పటికప్పుడు చేసుకోవాలి, సీసాలో నిలవ పెడితే విషక్రిములు పుట్టే ప్రమాదం ఉంది. అంతేగానీ పప్పులో వెల్లుల్లి వేసి ఉడికించి, తినేటప్పుడు ఏరేస్తే లాభం లేదు. దిగాల్సింది అప్పటికే పులుసులో దిగిపోయింది. ఉల్లికైనా అదే లెక్క. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం మాత్రం వాడుకోవచ్చు, తెల్ల గడ్డ తీసెయ్యాలి.
ఇంగువ కందిగింజలో సగం, కాగే నూనెలో. డబ్బా వెనక చదవండి, చాలా వాటిలో మైదా కలుస్తుంది. ఆ గోధుమ జబ్బు ఉందని తేలితే మైదా కలవనిదే కొనాలి.

గుణుపూర్_గుండన్న
ఇంగువలో మైదానా! ఇన్నాళ్లూ చపాతీని తాలింపు పెట్టేసుకుంటున్నామన్నమాట.

వంటింటి_వరాలమ్మ
ఇప్పుడు పప్పులు. కందిపప్పు మూడు సార్లు కడిగి, రెండు మూడు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో వండాలి. శనగలు, ఉలవలు, ఎండు బఠానీ అయితే మూడింతల నీళ్లలో రాత్రంతా నానాలి, పొద్దున్న ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్లు కూడా వంపేసి మళ్లీ ఉడికించాలి. కుక్కరు మెత్తబరుస్తుంది, అంతే. నీళ్లు అందులోనే ఉంటే చక్కెరలూ అందులోనే ఉంటాయి.
ఈ లెక్కన ఉలవచారు పెద్ద ముద్దాయి. ఉలవల్లోంచి దిగిందంతా ఆ కట్టులోనే ఉంటుంది, మనం గింజలు పశువులకి పెట్టి కట్టు మనం తాగుతాం.

ఇచ్ఛాపురం_ఇటువైపు
అంటే ఎద్దు సుఖంగా ఉంది, మనం ఉబ్బుతున్నాం.

కొరాపుట్_కాఫీ
నానబెట్టిన నీళ్లు పారబోస్తే విటమిన్లు పోవా? మొలకెత్తిస్తే సరిపోదా?

వంటింటి_వరాలమ్మ
కొంత పోతాయి. నెలన్నరకి మునిగిపోయేదేం లేదు. మొలకెత్తిస్తే ఆ చక్కెరలు తగ్గే మాట నిజమే, కానీ పచ్చి మొలకలు వద్దు, ఆవిరి మీద ఉడికించండి. అసలు తేలిక దారి పొట్టు తీసిన పెసరపప్పు. వండింది పావు కప్పు, అంటే నాలుగు పెద్ద చెంచాలతో మొదలు. దాల్మా కూడా గుళ్లో చేసే తీరుగా ఉల్లి, వెల్లుల్లి లేకుండా పెసరపప్పు, పచ్చి బొప్పాయి, గుమ్మడి, వంకాయలతో చేసి, నెయ్యిలో పంచఫుటణ (అయిదు దినుసుల) పోపు పెట్టుకుంటే మందుభోజనంలా ఉండదు, పండగ భోజనంలా ఉంటుంది. ఈ నెలన్నర క్యాలీఫ్లవర్, పుట్టగొడుగులు కట్టిపెట్టండి.

పలాస_పిక్కోడు
సాయంత్రం మిక్చర్ బదులు గుప్పెడు జీడిపప్పు తినండి, బలం.

డైట్_డైరీ_బరంపురం
అయ్యో పిక్కోడుగారూ, ఊరి అభిమానం సరే, గింజల్లో బాగా ఉబ్బించేవాటిలో జీడిపప్పు ఒకటి. అందులో ఫ్రక్టాన్లూ ఉన్నాయి, పప్పుల చక్కెరలూ ఉన్నాయి. వేరుశెనగ వేయించి గుప్పెడు, ఉత్త మూఢీ రెండు గుప్పెళ్లు, దోసకాయ ముక్కలు, కొత్తిమీర, నిమ్మరసం. మూఢీ బియ్యమే, దాని తప్పేం లేదు, దాంట్లో కలిపే ఉల్లి, వేయించిన బఠానీలదే పేచీ.
పళ్లలో మామిడి, పుచ్చకాయ ఈ నెలన్నర పక్కన పెట్టండి. బొప్పాయి, కమలా, మచ్చలు పడని గట్టి అరటిపండు పర్వాలేదు.

పలాస_పిక్కోడు
ఈ మాట మా ఊళ్లో అనకండి, బస్సు ఎక్కనివ్వరు.

నర్సు_చిన్నమ్మి
అన్నిటికన్నా ముందు మలబద్ధకం సర్దాలి. పైపు మూసుకుపోయి ఉంటే ఎంత పథ్యం చేసినా గాలి బయటికి పోదు.
ఇసాబ్‌గోల్ అర చెంచాతో మొదలెట్టి, నాలుగైదు రోజులకోసారి కొంచెం పెంచుతూ, రెండు చెంచాల దాకా. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగెయ్యాలి, జెల్లీ అయ్యేదాకా ఆగితే గొంతులో ఇరుక్కుంటుంది. వెనకాలే ఇంకో గ్లాసు నీళ్లు. పడుకునే ముందు వద్దు. మిగతా బిళ్లలకీ దానికీ రెండు గంటల ఎడం. మొదటి రోజే రెండు చెంచాలు వేసి "ఇంకా ఉబ్బింది" అని డబ్బా పారేసేవాళ్లే ఎక్కువ. గోధుమ పొట్టు మాత్రం వద్దు, అది గాలి పెంచుతుంది. కుర్చీ దొడ్డి అయితే కాళ్ల కింద జానెడు ఎత్తు పీట వేసుకోండి.
ఐరన్ రోజు మార్చి రోజు వేసుకోవచ్చా అని డాక్టరుని అడగండి, చాలామందికి అలా వేసినా ఒంటికి బాగానే పడుతుంది, పొట్టకి తెరిపి. టీతో మాత్రం వేసుకోకండి.

రాయగడ_రైలుబండి
పాలు మానేసినా తేడా లేదన్నారు కదా, ఇంక మానే ఉండాలా?

డైట్_డైరీ_బరంపురం
వద్దు. రెండు నెలలు మాని తేడా లేకపోతే పాలు నిర్దోషి, వాపసు తెచ్చుకోండి. తేడా కనిపించినవాళ్లు కూడా పూర్తిగా మానక్కర్లేదు. ఒక గ్లాసు పాలలో సుమారు 12 గ్రాముల లాక్టోజ్ (పాల చక్కెర) ఉంటుంది, అరిగించుకోలేనివాళ్లు సైతం చాలామంది అంతవరకు భోజనంతో కలిపి తట్టుకుంటారు. పెరుగులో కొంత తక్కువ. ఛెనాలో (విరిగిన పాల ముద్దలో) ఇంకా తక్కువ, విరిగిన నీళ్లతో పాటే లాక్టోజ్ పోతుంది. ఛెనాపోడ (ఛెనా కాల్చి చేసే మిఠాయి) తినొచ్చు, ఒక ముక్క.
ఇప్పుడు పద్ధతి. రక్తపరీక్ష అయ్యాక 4 నుంచి 6 వారాలు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, ఘుగుని, కందిపప్పు, జీడిపప్పు బంద్. ఏ తేడా రాకపోతే 6 వారాల దగ్గర ఆపేయండి, మీ జబ్బు ఇది కాదు. తేడా వస్తే ఒక్కో పదార్థం మూడు రోజులు: ఉల్లి మొదటి రోజు ఒక చెంచా తరుగు, రెండో రోజు రెండు, మూడో రోజు పావు ఉల్లిపాయ. తర్వాత మూడు రోజులు మళ్లీ పథ్యం. ఆనక వెల్లుల్లి, అర రెబ్బ, ఒకటి, రెండు. ఆనక చపాతీ, ఒకటి, రెండు, మూడు. చివర్న కందిపప్పు, పావు కప్పు నుంచి. మధ్యలో పొట్ట బిగిస్తే అక్కడితో ఆపి, ఆ కొలత రాసుకోండి. చాలామందికి వెల్లుల్లి పడదు కానీ చపాతీ రెండు పడతాయి, ఇలా ఎవరి లెక్క వాళ్లది.
నోటుబుక్కులో నాలుగే గడులు: గంట, తిన్నది, పొట్ట బిగువు పదికి ఎంత, విరేచనం. బొడ్డు దగ్గర టేపుతో పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలవండి. మనసుకి అనిపించేదానికన్నా టేపు నమ్మకస్తురాలు.

కొరాపుట్_కాఫీ
బాగుంది కదాని ఏడాదంతా పథ్యంలోనే ఉండిపోతే?

డైట్_డైరీ_బరంపురం
అదే పెద్ద తప్పు. ఈ చక్కెరలే పేగులోని మంచి సూక్ష్మజీవులకి ఆహారం. పూర్తిగా ఆపేస్తే వాటి సంఖ్య పడిపోతుంది. 6 వారాలు దాటనివ్వకండి.

పర్లాకిమిడి_పద్మ
ఇంట్లో ఎనిమిది మందిమి. నా ఒక్కదానికి వేరే పొయ్యి ఎలా? మా ఆయన "ఇదంతా నీ మనసులో ఉంది" అంటారు.

వంటింటి_వరాలమ్మ
వేరే పొయ్యి అక్కర్లేదమ్మా. పప్పూ కూరా అందరికీ ఉల్లి లేకుండానే ఉడికించు. నీ గిన్నె తీసేసుకుని, మిగిలినదాంట్లో ఉల్లి, వెల్లుల్లి వేరే బాణలిలో వేయించి కలుపు. పది నిమిషాల పని. ఉప్మాకి బొంబాయి రవ్వ మానేసి బియ్యపు రవ్వ. ఇడ్లీ, చకుళి పిఠా (ఒడియా అట్టు) బాగా పులిసిన పిండితో అయితే చాలామందికి పడతాయి. పేరంటాలకి వెళ్తే తెల్లన్నం, పెరుగు, వంకాయ వేపుడు వేయించుకో.

గుణుపూర్_గుండన్న
ఎవరైనా బలవంతపెడితే "ఈరోజు మార్గశిర గురువారం, మాణబసా లక్ష్మీపూజ, ఉల్లి ముట్టను" అనేయండి. వైశాఖంలో కూడా పనిచేస్తాది, ఎవడూ పంచాంగం చూడడు.

నర్సు_చిన్నమ్మి
మీ ఆయనకి ఇది చదివి వినిపించండి. పేగుకీ మెదడుకీ మధ్య నరాల తీగ ఉంది, కంగారు పడితే పేగు బిగుస్తుంది, పేగు బిగిస్తే కంగారు పెరుగుతుంది. అంతమాత్రాన నొప్పి కల్పన అయిపోదు. టేపుకొలత చూపిస్తే ఇంకేం మాట్లాడరు.
ఇంకోటి, ఉబ్బినప్పుడు తెలియకుండానే గుండెకింది ఊపిరి కండరాన్ని (డయాఫ్రం) కిందికి తోసి, పొట్ట కండరాల్ని వదిలేస్తాం. గాలి అంతే ఉన్నా పొట్ట ముందుకొస్తుంది. దానికి మందు ఊపిరి. వెల్లకిలా పడుకుని బొడ్డు మీద చెయ్యి పెట్టి, 4 లెక్కపెడుతూ పీల్చాలి, చెయ్యి లేవాలి, ఛాతీ కదలకూడదు. 6 లెక్కపెడుతూ వదలాలి. సాయంత్రం 4కి పది నిమిషాలు. భోజనం అయ్యాక పావుగంట నడక, మహేంద్రతనయ గట్టు దాకా వెళ్లి రండి, మీ ఆయన్నీ తీసుకెళ్లండి.

రాయగడ_రైలుబండి
ఒడియా డాక్టరు దగ్గర "గ్యాస్" అంటే మళ్లీ అదే గొట్టం బిళ్ల రాస్తారు. "పేట ఫాంపుచి, ఝాడా సఫా హేఉ నాహి" (పొట్ట ఉబ్బుతోంది, విరేచనం సాఫీగా అవట్లేదు) అని, ఎన్ని రోజులకోసారో చెప్పండి. విరేచనంలో రక్తం పడితే "ఝాడారే రక్త పడుచి". బిళ్లల అట్టలన్నీ సంచిలో తీసుకెళ్లండి. పెద్ద పరీక్షలు కావాలంటే మీకు బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల దగ్గర, మా వైపు వాళ్లకి కొరాపుట్ వైద్య కళాశాల లేదా విశాఖ.

పర్లాకిమిడి_పద్మ
రేపు గోధుమ పరీక్షకి రక్తం ఇచ్చి, సోడా పొట్లాలు ఆపేస్తున్నా. ఇసాబ్‌గోల్ అర చెంచా ఇవాళే. ఉల్లి బంద్ పరీక్ష అయ్యాకే, రెండూ ఒకేసారి మార్చను. టేపు కుట్టుమిషను సొరుగులో దొరికింది: పొద్దున్న 82, ఇప్పుడు 89 సెంటీమీటర్లు. మా ఆయన తనే చదివి, రెండోసారి కొలిచారు. మూఢీ బండివాడికి ఏమని చెప్పాలి?

గుణుపూర్_గుండన్న
"పియాజ పకాఅ నాహి", అంటే ఉల్లి వెయ్యొద్దు. రెండుసార్లు చెప్పండి, చెయ్యి అలవాటుగా ఉల్లిపాయల డబ్బా మీదకే పోతాది.